వాయుపరిశోధకుడు హంఫ్రీ డేవీ

పద్దెనిమిదవ శతాబ్దం ముగియవచ్చిన రోజులవి. ఇంగ్లండులో క్షయవ్యాధి ఇంటింటినీ భయపెడుతూ ఉండేది. ధనికుడని గాని, పేదవాడని గాని, పసివాడని గాని దానికి భేదం లేదు. ఆవిరియంత్రానికి కొత్త రూపమిచ్చి కీర్తి గడించిన జేమ్స్ వాట్ తన కుమార్తెను 1794లో ఆ వ్యాధికే కోల్పోయాడు. వైద్యుల వద్ద దానికి మందు లేదు. రక్తం తీయడం, జలగలు పట్టించడం, గాలి మార్పు కోసం మరొక ఊరికి పంపడం, వారు చేయగలిగినది అంతే.

అదే కాలంలో రసాయనశాస్త్రంలో కొత్త ద్వారాలు తెరచుకుంటున్నాయి. యుగయుగాలుగా ఒకే పదార్థమని భావించిన గాలిలో భిన్నస్వభావాలు గల వాయువులు ఉన్నాయని తేలింది. జోసెఫ్ ప్రీస్ట్లీ 1772 ప్రాంతంలో నైట్రిక్ ఆక్సైడ్‌ను, నైట్రస్ ఆక్సైడ్‌ను గుర్తించాడు. 1774లో ఆక్సిజన్‌ను వెలికితీశాడు. ఊపిరితిత్తులకు వచ్చిన వ్యాధికి మందును ఊపిరి ద్వారానే ఎందుకు పంపకూడదన్న ఆలోచన అప్పుడు పుట్టింది. ఆ ఆలోచనను నమ్మి సర్వస్వం ధారపోసిన వైద్యుడు థామస్ బెడోస్. ఆ నమ్మకాన్ని తన శరీరం మీదనే పరీక్షించి చూసినవాడు హంఫ్రీ డేవీ.

డేవీ 1778 డిసెంబరు 17న ఇంగ్లండు నైరుతి కొసన గల కార్న్‌వాల్ ప్రాంతంలో, పెంజాన్స్ అనే రేవుపట్టణంలో జన్మించాడు. తండ్రి రాబర్ట్ కొయ్యపని చేసేవాడు. తల్లి పేరు గ్రేస్. ఐదుగురు సంతానంలో డేవీ పెద్దవాడు. బడి చదువు అతనిని అంతగా ఆకర్షించలేదు. చేపలు పట్టడం, కథలు చెప్పి తోటిపిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకోవడం, పద్యాలు అల్లడం అతనికి ప్రీతి. 1794లో తండ్రి అప్పులు మిగిల్చి కన్నుమూశాడు. తల్లి స్త్రీల టోపీల దుకాణం పెట్టి కుటుంబాన్ని నెట్టుకువచ్చింది. మరుసటి సంవత్సరం డేవీ బింగ్‌హామ్ బోర్లేస్ అనే వైద్యుని వద్ద మందులు నూరే శిష్యుడిగా చేరాడు.

ఆ రోజులలోనే అతని అసలు చదువు మొదలైంది. గణితం, తత్త్వశాస్త్రం, భాషలు మొదలైన విషయాలను ఒక పట్టికగా రాసుకొని, ఒక్కొక్కటిగా తానే నేర్చుకోసాగాడు. 1797లో ఫ్రెంచి శాస్త్రవేత్త లావోయిజర్ గ్రంథం చేతికి వచ్చింది. ఆ తరువాత మరే శాస్త్రమూ అతని మనసును అంతగా పట్టుకోలేదు. పరికరాలు కొనే శక్తి లేదు. వంటపాత్రలు, మందుల గాజుబుడ్లు, పొగాకు గొట్టాలు, చేతికి దొరికిన ప్రతిదీ అతనికి పరికరమే. ఓడ పగిలి తీరానికి చేరిన ఒక ఫ్రెంచి వైద్యుడు ఇచ్చిన పిచికారీని వాయుయంత్రంగా మార్చుకున్నాడని జీవితచరిత్రకారులు రాశారు.

ఆ శీతకాలంలో జేమ్స్ వాట్ కుమారుడు గ్రెగరీ ఆరోగ్యం కోసం పెంజాన్స్‌కు వచ్చి, డేవీ తల్లి ఇంటిలోనే బస చేశాడు. ఇద్దరూ ఇంచుమించు ఒకే వయసువారు. స్నేహం కుదిరింది. తమ ఇంటి ఆడపడుచును బలిగొన్న వ్యాధి తన ఛాతీలోనూ దాగి ఉన్నదన్న భయం గ్రెగరీని వెంటాడుతూ ఉండేది. ఆ భయమే 1804లో నిజమైంది. వాయువులతో క్షయను నయం చేయవచ్చునా అన్న ప్రశ్న డేవీకి పుస్తకంలో దొరికిన ప్రశ్న కాదు. అది ఎదురుగా కూర్చొని దగ్గుతున్న మిత్రుని ప్రశ్న.

గ్రెగరీ ద్వారానూ, డేవీస్ గిడ్డీ అనే విద్వాంసుని ద్వారానూ డేవీ పేరు బెడోస్ చెవిని పడింది. బ్రిస్టల్ నగరంలో వాయుచికిత్సాలయం స్థాపించే ప్రయత్నంలో ఉన్న బెడోస్‌కు ప్రయోగాలు నిర్వహించగల యువకుడు కావలసివచ్చాడు. 1798 అక్టోబరులో డేవీ బ్రిస్టల్ చేరాడు. అప్పటికి ఇరవై ఏళ్లు నిండలేదు. 1799 మార్చిలో డౌరీ స్క్వేర్‌లోని ఒక ఇంటిలో చికిత్సాలయం రోగులకు తలుపులు తెరిచింది.

ఇక్కడ రెండు వాయువుల విషయం స్పష్టం చేసుకోవాలి. నైట్రస్ ఆక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ పేర్లు కవలపిల్లల పేర్లవలె వినిపిస్తాయి. రెండింటిలోనూ ఉన్నవి నత్రజని, ఆక్సిజన్ మాత్రమే. మొదటిదాని అణువులో రెండు నత్రజని పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటాయి. రెండవదానిలో ఒక్కొక్కటే. ఆ ఒక్క పరమాణువు తేడా వల్ల రెండింటి స్వభావాలు పూర్తిగా వేరైనాయి. మొదటిది తీయని వాసనతో మనిషిని మైమరపిస్తుంది. రెండవది గాలిలోని ఆక్సిజన్ తగిలిన వెంటనే గోధుమ ఎరుపు రంగు గల నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుతుంది. అది తేమ తగిలితే ఆమ్లమవుతుంది. మనిషి నోరు, గొంతు, ఊపిరితిత్తులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి.

నైట్రస్ ఆక్సైడే అంటువ్యాధులకు మూలమనీ, దానిని పీల్చినవాడు బ్రతకడనీ అమెరికా వైద్యుడు శామ్యూల్ మిచిల్ అంతకుముందు సిద్ధాంతం చేశాడు. పెంజాన్స్‌లో ఉండగానే డేవీ కొద్దికొద్దిగా పీల్చి చూసి అది నిజం కాదని తెలుసుకున్నాడు. 1799 ఏప్రిల్‌లో ఆ వాయువును శుద్ధంగా తయారు చేయగలిగాడు. అమ్మోనియం నైట్రేట్‌ను మితమైన వేడి మీద కాచి, వచ్చిన వాయువును నూనె పట్టించిన పట్టుసంచిలో నింపి పీల్చాడు. వేళ్ల కొసల వరకు వింతైన పులకింత పాకింది. నవ్వు ఆగలేదు. గదంతా కలియదిరుగుతూ గంతులు వేశాడు.

ఆ వార్త బ్రిస్టల్ అంతటా పాకింది. కవులు సౌదే, కోల్‌రిడ్జ్, కుమ్మరి పరిశ్రమకు పేరుపడిన వెడ్జ్‌వుడ్ కుటుంబీకులు చికిత్సాలయానికి వచ్చి పట్టుసంచి అందుకున్నారు. ఒక్కొక్కరి అనుభవాన్నీ డేవీ శ్రద్ధగా రాసుకున్నాడు. ఆ సాయంకాలాలలో వైద్యం ఎంత ఉన్నదో, వినోదం ఎంత ఉన్నదో చెప్పడం కష్టం. అయితే తనను తాను గమనించుకోవడంలో మాత్రం డేవీ రాజీపడలేదు. ఎంత వాయువు, ఎన్ని శ్వాసలు, నాడి ఎంత, మాట ఎప్పుడు తడబడింది, ఇవన్నీ పుస్తకంలోకి ఎక్కవలసినవే. 1799 డిసెంబరు 26న గాలి చొరని ఒక పెట్టెలో కూర్చొని, ఒక గంటకు పైగా ఆ వాయువునే పీలుస్తూ ఉన్నాడు. వెలుపలికి వచ్చిన తరువాత మరొక సంచెడు పీల్చాడు. లోకంలో భావాలు తప్ప మరేమీ లేవన్న మాట ఆ మత్తులో ఆయన నోట వెలువడింది.

ఇటువంటి ఒకానొక ఉత్సాహంలోనే డేవీ నైట్రిక్ ఆక్సైడ్ వైపు చేయి చాచాడు. సిరల రక్తానికి ఈ వాయువు తగిలించినప్పుడు వచ్చే ఊదా రంగు, నైట్రస్ ఆక్సైడ్ తగిలినప్పుడు వచ్చే రంగు వంటిదేనని ఆయన అంతకుముందే గమనించాడు. చర్మం లేని కండరానికి తాకించినా బాధ కలుగలేదు. కనుక వాయువు దానంతట అది విషం కాదనీ, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆమ్లంగా మారడమే దాని దోషమనీ తర్కించాడు. ఊపిరితిత్తులలో ఉన్న గాలిని ముందుగా వెలుపలికి పంపివేస్తే ఆమ్లం పుట్టదు, వాయువును నిరపాయంగా పీల్చవచ్చు అన్నది ఆయన అంచనా.

తర్కంలో లోపం కనిపించదు. ఆచరణలోనే ప్రమాదం పొంచి ఉన్నది. పాదరసం మీద నిలిపిన వాయుపాత్రలో 114 ఘనపు అంగుళాల నైట్రిక్ ఆక్సైడ్‌ను సిద్ధం చేసుకున్నాడు. అంటే రెండు లీటర్లకు కొంచెం తక్కువ. ముక్కు గట్టిగా మూసుకొని, ఊపిరి అంతా వదలి, నైట్రస్ ఆక్సైడ్‌ను మూడు మార్లు పీల్చి వదిలాడు. ఆ విధంగా రొమ్ములోని గాలిని కడిగివేశానని అనుకున్నాడు. తరువాత సంచి నుండి నోరు తీసి, వాయుపాత్ర గొట్టానికి ఆనించి మర తిప్పాడు.

వాయువు నోటిలో ప్రవేశించగానే వగరు రుచి, గొంతులో మంట. అంతలో కొండనాలుక వెనుక ఉండే శ్వాసమార్గపు మూత బిగుసుకుపోయింది. ఆ నొప్పికి తాళలేక పీల్చే ప్రయత్నాన్ని తక్షణం విరమించాడు. గాలి కోసం నోరు తెరిచాడు. తెరిచిన నోటిలోకి ఆక్సిజన్ వచ్చింది. మిగిలి ఉన్న వాయువు ఆ క్షణంలోనే ఆమ్లపు ఆవిరిగా మారి నాలుకను, అంగిలిని కాల్చింది, పళ్లను దెబ్బతీసింది. నోటి లోపలి పొర కొన్ని గంటలపాటు వాచిపోయింది.

తాను ఎందుకు బ్రతికి బయటపడ్డాడో డేవీ తరువాత ఆలోచించాడు. రొమ్ములో గాలి పూర్తిగా పోలేదు. ఆ మిగిలిన కొద్దిపాటి గాలితో గొంతులోనే కొంత ఆమ్లం పుట్టింది, ఆ మంటకే శ్వాసమార్గం మూసుకుపోయింది. అది మూసుకోకపోయి ఉంటే వాయువు ఊపిరితిత్తుల లోతుకు చేరేది, తరువాతి శ్వాసతో అక్కడే ఆమ్లమయ్యేది. తన ప్రయోగం విఫలం కావడమే తనను కాపాడిందని ఆయన గ్రహించాడు. ఇంతటి దుస్సాహసం ఇక తలపెట్టనని గ్రంథంలో రాసుకున్నాడు.

ఆ వాయువు విషయంలో మాట నిలబెట్టుకున్నాడు గాని, సాహసాన్ని మాత్రం మానలేదు. ఎర్రగా కాలిన బొగ్గు మీదుగా నీటి ఆవిరిని పంపగా వచ్చే వాయువును మరొక సందర్భంలో పీల్చాడు. అందులో ఉన్నది ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్. బెడోస్ ఆ వాయువును పలుచన చేసి రోగులకు ఇచ్చేవాడు. డేవీ పలుచన చేయకుండా మూడు శ్వాసలు తీశాడు. మూడవ శ్వాసతో స్పృహ జారసాగింది. గొట్టం పెదవుల నుండి జారిపడింది. ఆ స్థితిలోనూ తన నాడిని తానే పట్టి చూసుకున్నాడు. అది దారపు పోగువలె సన్నగా, మితిమీరిన వేగంతో కొట్టుకుంటున్నది. కొన్ని గంటలపాటు తలనొప్పి, వాంతి, గుండెలో నొప్పి వదలలేదు.

ఈ పరిశోధనల ఫలితంగా 1800లో ఐదువందల పుటలకు మించిన గ్రంథం వెలువడింది. గ్రంథకర్త వయసు ఇరవై ఒక్క సంవత్సరాలు. ఆ గ్రంథం చివరిభాగంలో ఒక సూచన ఉంది. నైట్రస్ ఆక్సైడ్ శారీరక బాధను అణచగలుగుతున్నది కనుక రక్తం ఎక్కువగా పోని శస్త్రచికిత్సలలో ఉపయోగపడవచ్చునని డేవీ రాశాడు. జ్ఞానదంతం మొలుస్తూ బాధిస్తున్నప్పుడు ఆ వాయువుతో నొప్పి తగ్గడం ఆయనకు స్వానుభవమే. అయినా ఆ మాటను ఆయనా వెంబడించలేదు, వైద్యులూ పట్టించుకోలేదు. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణంలో దంతవైద్యుడు హోరేస్ వెల్స్ ఆ వాయువుతో తన పన్ను తానే తీయించుకున్నది 1844 డిసెంబరులో. నడుమ గడిచిన నలభైనాలుగు సంవత్సరాలలో ఎందరు రోగులు కత్తి కింద స్పృహతో కేకలు వేశారో లెక్క కట్టేవారు లేరు. పళ్లు కాలినా వెనుదీయని పరిశోధకుడు, చేతికందిన ఈ ఫలాన్ని ఎందుకు విడిచిపెట్టాడన్నది ఆయన జీవితంలో మింగుడుపడని విషయం.

బ్రిస్టల్ చికిత్సాలయం క్షయను జయించలేదు. ఏ వాయువూ ఆ వ్యాధిని కదిలించలేకపోయింది. 1801లో డేవీ లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌కు ఉపన్యాసకుడుగా వెళ్లిపోయాడు. ఆ తరువాతి చరిత్ర లోకప్రసిద్ధం. ఆయన ఉపన్యాసాలకు వచ్చే బండ్లతో వీధి కిక్కిరిసిపోయేది. 1807లో విద్యుత్తు సహాయంతో పొటాషియం, సోడియం లోహాలను, మరుసటి ఏడు కాల్షియం, మెగ్నీషియం, బేరియం, స్ట్రాన్షియం లోహాలను వేరుచేశాడు. 1812లో సర్ బిరుదం లభించింది. అదే సంవత్సరం నైట్రోజన్ ట్రైక్లోరైడ్ పేలి కంటికి గాయమైంది. గాయపడిన కంటితో రాసుకోలేక సహాయానికి పిలిచిన యువకుడే మైకేల్ ఫారడే.

1812 మే నెలలో ఉత్తర ఇంగ్లండులోని ఫెలింగ్ బొగ్గుగనిలో పేలుడు సంభవించి 92 మంది మరణించారు. గనులలో ఊరే మండే వాయువుకు పనివారి దీపాలు అంటుకోవడమే అటువంటి పేలుళ్లకు కారణం. డేవీ 1815లో మంట చుట్టూ సన్నని తీగెల వల అమర్చిన రక్షణదీపాన్ని తయారు చేశాడు. తీగెలు వేడిని లాగివేయడంతో మంట వల దాటి బయటి వాయువును అంటుకోదు. దానికి పేటెంటు తీసుకోలేదు. జార్జి స్టీఫెన్‌సన్ అదే కాలంలో మరొక దీపాన్ని రూపొందించడంతో ఎవరు ముందన్న వివాదం రేగింది. ఆ వివాదంలో డేవీ చూపిన అసహనం ఆయన గౌరవాన్ని పెంచేది కాదు. దీపం వచ్చిన తరువాత కూడా గనుల్లో ప్రమాదాలు ఆగలేదు. అంతకుముందు భయపడి వదలిన చోట్లకు యజమానులు పనివారిని పంపసాగారు.

1820 నుండి 1827 వరకు డేవీ రాయల్ సొసైటీకి అధ్యక్షుడుగా ఉన్నాడు. 1826 చివర పక్షవాతం సోకింది. ఆరోగ్యం కోసం ఐరోపాలో తిరుగుతూ 1829 మే 29న స్విట్జర్లాండులోని జెనీవా నగరంలో, ఏభై ఏళ్ల వయసులో మరణించాడు. ఆయన సమాధి అక్కడే ఉన్నది.

నైట్రిక్ ఆక్సైడ్ కథ మాత్రం ఆయనతో ముగియలేదు. నూటయాభై ఏళ్లకు పైగా ఆ వాయువును పొగగొట్టాల కాలుష్యంగానే లోకం ఎరుగును. 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ రక్తనాళాల లోపలి పొర నుండి వెలువడే ఒక పదార్థం నాళాలను సడలిస్తుందని చూపించాడు. ఆ పదార్థం నైట్రిక్ ఆక్సైడేనని 1987 నాటికి తేలింది. మనిషి శరీరమే దానిని నిరంతరం తయారు చేసుకుంటున్నది. ఈ పరిశోధనకు ఫర్చ్‌గాట్, లూయీ ఇగ్నారో, ఫెరీద్ మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి లభించింది.

తల్లి గర్భంలో ఉన్న శిశువు ఊపిరితిత్తులతో గాలి పీల్చదు. అక్కడి రక్తనాళాలు ముడుచుకొని ఉంటాయి. పుట్టి తొలి శ్వాస తీయగానే అవి విచ్చుకోవాలి. కొందరు శిశువులలో అవి విచ్చుకోవు. రక్తం ఊపిరితిత్తులను తప్పించుకొని పక్కదారిన పోతుంది, బిడ్డ నీలిరంగుకు తిరుగుతుంది. అటువంటి పసివారికి నైట్రిక్ ఆక్సైడ్‌ను పీల్చే వాయువుతో కలిపి ఇస్తే ఫలితం కనిపిస్తున్నదని 1992లో వైద్యులు ప్రకటించారు. నెలలు నిండిన, లేదా నిండవచ్చిన శిశువులకు వాడేందుకు 1999 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. ఆ వాయువు గాలి చేరిన ఊపిరితిత్తుల భాగాలకే చేరి, అక్కడి నాళాలనే సడలిస్తుంది. రక్తంలోకి ప్రవేశించగానే హిమోగ్లోబిన్ దానిని పట్టివేస్తుంది. అందువల్ల మిగిలిన శరీరంలో రక్తపు ఒత్తిడి పడిపోదు.

మాత్ర ఎంతో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పది లక్షల పాళ్ల వాయువులో ఇరవై పాళ్లు. డేవీ నోటికి ఆనించుకున్నది ఇంచుమించు శుద్ధవాయువు, అంటే దీనికి ఏభైవేల రెట్లు గాఢమైనది. నైట్రిక్ ఆక్సైడ్ గాఢత రెట్టింపయితే విషవాయువు పుట్టే వేగం నాలుగు రెట్లవుతుంది. గాఢత తగ్గితే ఆ వేగమూ అంతే త్వరగా పడిపోతుంది. రెండు వాయువులను ఒకచోట కలవనీయరాదన్న డేవీ తర్కం సరియైనదే. ఆయన ఆక్సిజన్‌ను తొలగించబోయాడు. అది సాధ్యం కాలేదు. ఊపిరాడని బిడ్డకు ఆక్సిజన్ లేకుండా చేయడం అసలే కుదరదు. కనుక నేటి వైద్యులు ఆక్సిజన్‌ను ఉంచి, నైట్రిక్ ఆక్సైడ్‌నే అణువంతకు తగ్గించారు.

ఇది సర్వరోగనివారిణి కాదు. చాలామంది శిశువులను గుండె, ఊపిరితిత్తుల పని చేసే పెద్ద యంత్రానికి ఎక్కించవలసిన అవసరాన్ని తప్పించింది గాని, అందరినీ బ్రతికించలేదు. తీవ్రమైన శ్వాసకోశ వైఫల్యం గల పెద్దవారికి ఇచ్చినప్పుడు ఆక్సిజన్ కొంతకాలం మెరుగుపడినా మరణాలు తగ్గలేదు. కొన్ని పుట్టుకతో వచ్చిన గుండెలోపాలు గల శిశువులకు దీనిని ఇవ్వనే కూడదు. హఠాత్తుగా ఆపితే ముడుచుకుపోయిన నాళాలు మునుపటికంటే బిగుసుకోవచ్చు. అందుకని ఇరవై నుండి ఐదుకు, ఐదు నుండి ఒకటికి మెల్లగా దించుతూ వస్తారు. హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోయలేని రూపానికి మారుతున్నదేమో తెలుసుకోవడానికి రక్తాన్ని పరీక్షిస్తూ ఉంటారు. వాయువును నత్రజనిలో కలిపి సిలిండరులో ఉంచుతారు. ఆక్సిజన్‌తో అది కలిసేది శిశువు శ్వాసగొట్టంలోనే. ఆ గొట్టానికి అమర్చిన పరికరం నైట్రోజన్ డయాక్సైడ్ ఎంత ఉన్నదో ఎడతెగకుండా కొలుస్తూ ఉంటుంది. హద్దు మీరితే గంట మోగుతుంది.